నల్ల సొరపన్ను

గౌరి కొడుక్కి చిగుళ్ళు ఉబ్బాయి. మొదటి పన్ను పొడుచుకొచ్చేలోగా మేనమామ సొరచేప పన్ను తెచ్చి వాడి మెడలో కట్టాలి. అలా కడితే పళ్ళు గట్టిగా వస్తాయని ఆమె అత్తవారింటి నమ్మకం. ఒకరు కట్టుకున్న పాతది పనికిరాదు, కొన్నది అసలే పనికిరాదు. గౌరి అన్న జగన్నాధానికి అదే బెంగ. కళింగపట్నంలో అతని వల పడని నీళ్ళు లేవు గానీ, పెద్ద సొర తగిలి ఏళ్ళయింది.

ఆ ఉదయం ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర అలలు కోసిన ఇసుకలో మూడు మూలల నల్లటి ముక్క దొరికింది. పన్నేనని వేళ్ళు చెప్పాయి. నలుపు మురికే అనుకుని, ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు పెట్టి తోమాడు. చేతులు తెల్లబడ్డాయి గానీ అది తెల్లబడలేదు. అలాగే చెల్లెలింటికి పట్టుకెళ్ళాడు.

గౌరి అత్త సన్యాసమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఏటిరా ఇది? పొయ్యిలో బొగ్గు తెచ్చీసి పన్నంతన్నావు! నా మనవడికి నల్లపళ్ళు రావాలేటి?"

"నోట్లో నీళ్ళెట్టుకున్నావేటి అన్నియ్యా? ఏదోటి సెప్పు," అంది గౌరి.

జగన్నాధం గూట్లో చెయ్యి పెట్టాడు. సన్యాసమ్మ మొగుడికి పసితనంలో కట్టిన తెల్ల సొరపన్ను తీసి, నల్లదాని పక్కన పెట్టాడు. రెండింటి మొదలూ మేకగిట్టలా చీలి ఉంది. అంచులు వలతాడు మీద లాగాడు. తెల్లదీ కోసింది, నల్లదీ కోసింది, రంపంలా.

"మరి ఆ నలుపేటిరా?"

జగన్నాధం పన్నును మళ్ళీ పంచెకు రుద్ది చూశాడు.

రాజాం కాలేజీలో రాళ్ళ గురించి పాఠాలు చెప్పే శైలజ, ఎండుచేపల కోసం వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. పన్ను అడిగి తీసుకుని అరచేతిలో తూచింది.

"సొరదే అమ్మమ్మా. మట్టి కింద ఉండి ఉండి రాయైపోయింది. ఆ మట్టిలో సారమే ఈ నలుపు. తోమితే పోదు."

"ఎన్నాళ్ళున్నాదేటి?"

"లక్షల ఏళ్ళు ఉండి ఉంటుంది."

సన్యాసమ్మ పన్ను లాక్కుని గోటితో గీకి చూసింది. బోసినోరంతా తెరిచి నవ్వింది.

"నావి అరవైకే రాలిపోనాయి. ఇది లచ్చల ఏళ్ళయినా అరగనేదు! ఒసే గౌరీ, దారం తే!"

పసివాడికి గీసుకోకుండా జగన్నాధం అంచులకు మైనం పూశాడు. జన్మంతా వల ముడులు వేసినవాడు, పసివాడి మెడ దగ్గర ఆ ఒక్క ముడీ వెయ్యలేకపోయాడు. వాడేమో మావ మీసం పట్టుకుని లాగుతున్నాడు.

"ముడేస్తన్నావా, నిదరోతన్నావా?" గదిమింది సన్యాసమ్మ.

వీధిలోకి వినబడేలా నవ్వాడు జగన్నాధం. నవ్వుతూనే ముడి బిగించాడు.