పద్దెనిమిది ఎకరాల తడి

పెరటి కుళాయి దగ్గర క్యాథరిన్ బురద చుడీదారు జాడిస్తుంటే అత్తగారు రాజకుమారి గుమ్మంలో నిలబడి, “ఆ గుడ్డలు మన బకెట్లో నానబెట్టకమ్మా, దుప్పట్లకి వాసన పట్టేస్తుంది” అంది. “అలాగేనండి” అంది క్యాథరిన్. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఆమె ఎక్కువగా వాడిన మాట అదే. అనేటప్పుడు లోపల ఏమీ కదిలేది కాదు.

ఆమె బోటనీలో ఎమ్మెస్సీ చేసింది. భర్త ఆనంద్ పాల్ ఏలూరులో జూనియర్ కాలేజీ లెక్చరర్. కొల్లేటి అంచున ఒక ఊరి పక్క నాలుగు పట్టణాల చెత్త పోసే యార్డుని ఒక కంపెనీ మరో నలభై ఎకరాలకి పెంచాలనుకుంది. దానికి పర్యావరణ అనుమతి కావాలి. రిపోర్టు తయారుచేసే ఆఫీసులో క్యాథరిన్ 2008లో చేరింది. ఆ నలభై ఎకరాల్లో చిత్తడి నేల ఎంతవరకు ఉందో తేల్చి మ్యాపు మీద గీత గీయడం ఆమె పని. తెల్లవారుజామునే లేచి ఆమె కట్టిన క్యారేజీ అందుకుంటూ ఆనంద్ పాల్, “బురదలో గడ్డి లెక్కపెట్టడానికి కూడా జీతాలిస్తున్నారు” అని నవ్వేవాడు.

పన్నెండు రోజులు తిరిగింది. యాభై అడుగులకొకచోట ఇనుప గొట్టం దించి మట్టి పైకి తీసి చూసేది. బూడిదరంగు మన్నులో తుప్పు మరకలు కనిపిస్తే అక్కడ నెలల తరబడి నీళ్ళు నిలుస్తాయని అర్థం. పైన నీటిలో పెరిగే జమ్ము, తుంగ గడ్డి ఉండనే ఉన్నాయి. గేదెలు మేపుకునే సత్యవేణి రోజూ వెంట నడిచేది. “శ్రావణంలో ఎక్కిన నీరు పుష్యం దాకా తియ్యదండి. మా ఊరి మంచినీళ్ళ బావి ఊరేది దీని వల్లేనండి” అని చెప్పింది. మట్టి రంగుని బట్టి ఎలా తెలుస్తుందని అడిగి, క్యాథరిన్ చెప్పిందంతా చివరిదాకా వింది. పెళ్ళయ్యాక తన చదువు గురించి ఎవరూ అంతసేపు వినలేదని బస్సులో కూర్చున్నాక క్యాథరిన్‌కి తోచింది. కొలతలన్నీ నోటుపుస్తకంలో రాసుకుంది. చిత్తడి పద్దెనిమిది ఎకరాలు తేలింది.

ఆఫీసు యజమాని వెంకట్రాజు మ్యాపు చూసి, “కొల్లేటికి హద్దుగా పెట్టిన ఐదో కాంటూరు బయటే కదమ్మా, అభయారణ్యం కిందికి రాదు. ఈ గీత కాస్త తూర్పుకి జరిపితే నాలుగెకరాలతో పోతుంది. మీరే మార్చి సంతకం పెట్టేయండి” అన్నాడు. క్యాథరిన్ జరిపింది. సంతకం కూడా పెట్టింది. ఇంటికొచ్చి చెబితే ఆనంద్ పాల్, “నువ్వు కాకపోతే ఇంకొకరు జరుపుతారు. ఈ పప్పులో ఉప్పు చూశావా అసలు?” అన్నాడు.

గిన్నెలు తోముతూ ఆమె ఆలోచించింది. విశాఖలో పీహెచ్‌డీ సీటు వచ్చినప్పుడు ఇంట్లో, “మన ప్రీతి పసిపిల్ల, ఒక్క ఏడాది ఆగు” అన్నారు. జంగారెడ్డిగూడెం కాలేజీలో ఉద్యోగం వచ్చినప్పుడు, “రోజూ అంత దూరం బస్సులో ఏం పడతావు, దగ్గర్లో చూసుకో” అన్నారు. ఎవరూ వద్దని అనలేదు. కాస్త జరగమన్నారు, అంతే. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. పొయ్యిగట్టు తుడిచి పడుకుంది.

ప్రజాభిప్రాయ సేకరణ ఆ ఊరి హైస్కూలు ఆవరణలో షామియానా కింద జరిగింది. “ఆడవాళ్ళుంటే జనం మెత్తగా ఉంటారు” అని వెంకట్రాజు ఆమెని తీసుకెళ్ళి, మంచినీళ్ళ ప్యాకెట్లు పంచమన్నాడు. ఆమె పంచుతుండగా సత్యవేణి మైకు అందుకుంది.

“నీళ్ళు నాలుగెకరాల్లోనే నిలుస్తాయని రాశారంటండి. ఆ మేడమ్ గారు నాతోపాటు మోకాలి లోతు నీళ్ళలో తిరిగారు. ఆవిడ్ని అడగండి, ఉన్నది చెబుతారు.”

ఆ మాటలో కోపం లేదు, నమ్మకం ఉంది. క్యాథరిన్‌కి ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

“సర్వే చేసింది మీరేనా?” అన్నాడు వేదిక మీది అధికారి.

“మీరు కూర్చోండమ్మా, నేను మాట్లాడతాను” అన్నాడు వెంకట్రాజు, గొంతు తగ్గించి.

ఆమె కూర్చోలేదు, సత్యవేణి చేతిలోని మైకు అందుకుంది. “నేనేనండి. రిపోర్టులో ఉన్న గీత తప్పండి. అదీ నేనే గీశాను, సంతకం కూడా నాదే. నేల మీద కొలిచింది పద్దెనిమిది ఎకరాలు. లెక్కలన్నీ పుస్తకంలో ఉన్నాయి” అంది. తన గొంతు ఎక్కడో దూరంగా మైకులో వినబడింది. అధికారి అది రాయించాడు.

ఆ సాయంత్రమే ఉద్యోగం పోయింది. మూడు వారాలకి ఆ అధికారి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది: చిత్తడి నేలని మళ్ళీ కొలుస్తారు, ఆమె వచ్చి మట్టి తీసిన చోట్లు చూపించాలి. కవరు ఆనంద్ పాల్ అప్పటికే చింపి చదివాడు.

“ఆఫీసర్లతో మనకెందుకు? ఒంట్లో బాగోలేదని నేను రాసిస్తాలే, సంతకం పెట్టు” అన్నాడు.

“పాపకి పరీక్షలు కూడానూ” అంది రాజకుమారి.

క్యాథరిన్ ఉత్తరం అందుకుని మొదటినుంచీ చదువుకుంది. ధైర్యం వచ్చినట్టేమీ అనిపించలేదు. అలసటగా ఉంది. అయినా ఏ దిబ్బ పక్కన ఎక్కడ గొట్టం దించిందో వరసగా గుర్తొస్తూనే ఉంది.

“సోమవారం ఆరింటి బస్సుకి వెళ్తున్నానండి. పని వారం పట్టొచ్చు. ప్రీతిని మీరు చదివించండి” అంది.

వెళ్ళమంటారా అని ఆమె అడుగుతుందేమోనని ఆనంద్ పాల్ చూశాడు. ఆమె కొలతల నోటుపుస్తకం తీసి సంచిలో పెట్టుకుంది.