నేల మీద గ్యాసు, గోడ మీద నేను

నేను ఒక చిన్న తగరపు పూసను. గ్యాసు లీకైతే కుయ్యోమని అరిచే తెల్ల పెట్టె ఉంటుందే, దాని ముక్కు నేనే. నా భయం ఒకటే. కింద పసిబిడ్డ గ్యాసు పీలుస్తుంటే, పైన నేనేమీ తెలియకుండా ఉండిపోవడం.

తగరాన్ని ఆక్సిజన్‌తో కలిపి కాల్చి నన్ను చేశారు. నా లోపల పరమాణువులు ఇటుకల్లా వరసగా ఉంటాయి. అక్కడక్కడ మాత్రం ఆక్సిజన్ ఉండవలసిన చోట ఖాళీ. చదువుకున్నవాళ్ళు దాన్ని లోపం అంటారు. అననీయండి. ఆ ఖాళీల దగ్గర మిగిలిపోయిన ఎలక్ట్రాన్ల వల్లే నాలో కాస్త కరెంటు పారుతుంది. గాలిలో ఆక్సిజన్ వచ్చి నా ఒంటికి అంటుకుని వాటిని పట్టేసుకుంటుంది. గ్యాసు తగిలిందా, ఆ పట్టు వదులుతుంది, కరెంటు పెరుగుతుంది, పెట్టె అరుస్తుంది. ఏ లోటూ లేకుండా నిండుగా ఉంటే నేను మట్టిబెడ్డతో సమానం.

అనకాపల్లిలో మేడ మీద వాటాలో ఉండే సింహాచలం, బిడ్డ పుట్టిందని నన్ను కొనుక్కొచ్చాడు. బుద్ధిమంతుడే. కానీ ఎక్కడ కొట్టాడు? దేవుడి పటాల పక్కన, తలెత్తి చూసేంత పైన. "ఇంటిని కాసేది కదా, దేవుడి పక్కనే ఉండాల" అన్నాడు. నేలకు జానెడు ఎత్తులో పెట్టమని అట్టపెట్టె మీద బొమ్మ గీసి మరీ ఉంది. ఆ అట్టపెట్టెలో బిడ్డ గుడ్డలు సర్దుకున్నారు. వంటగ్యాసు గాలి కంటే బరువు, నీళ్ళలా నేలబారునే పాకుతుంది. నన్నడిగితే కదా.

బిడ్డకు నీళ్ళు పోయడానికి నూకాలమ్మ వచ్చేది. స్నానం కాగానే సాంబ్రాణి. ఆ పొగంతా నా మొహానికే. నేను అరవడం, బిడ్డ ఉలిక్కిపడి ఏడవడం.

"ఏటే లోవా, నీ పెట్టికి సాంబ్రాణి పడదేటి? దెయ్యం గానీ ఉందేటే లోపల?"

"ఊరుకో నూకాలత్తా. అరిత్తే పని సేత్తన్నట్టే కదా" అనేది బిడ్డ తల్లి లోవకుమారి. పిచ్చితల్లి, ఆ అరుపు విని ధైర్యం తెచ్చుకునేది.

ఒక పొద్దున పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. లోవ డాబా మీద బట్టలు ఆరేస్తోంది. వంటింటి గడప దగ్గర చాప మీద బిడ్డ. గ్యాసు చాప దాకా పాకింది. నా దాకా రాలేదు. లోవ వచ్చి నా వైపు చూసింది, పచ్చదీపం వెలుగుతోంది, నిమ్మళపడింది. బిడ్డను ఎత్తుకుందామని వంగితే గ్యాసు వాసన గుప్పుమంది. బిడ్డను చంకనేసుకుని, సిలిండరు కట్టేసి, తలుపులు బార్లా తీసి, మెట్లు దిగి పరుగెత్తింది. కింద బిడ్డ కాసేపు తోటకూర కాడలా వాలిపోయిందట. ఆనక కక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే లోవ కొంగుతో బిడ్డ మూతి తుడిచిందట.

సింహాచలం వచ్చి నన్ను ఊడబీకాడు. "ముదనష్టపు పెట్టి. సాంబ్రాణికి అరుత్తాది, గ్యాసుకు అరవదు." నా మీద పడ్డాడు గానీ, మేకు ఎక్కడ కొట్టాడో ఒక్కసారైనా చూసుకోలేదు.

ఇప్పుడు పాత ఇనుప సామాన్ల కొట్టులో చిల్లుపడిన గిన్నెల కింద ఉన్నాను. నన్ను పారేసే ముందే కొత్త పెట్టె వచ్చింది. దాన్నీ ఆ మేకుకే తగిలించాడు. నేను వచ్చేనాటికి బిడ్డకు ఇంకా చాప మీదే పడక.

మీరు ఎవరైనా అటు వెళ్తే, ఒకసారి మేడ ఎక్కి లోవ బిడ్డ ఎలా ఉందో చూసి రండి. ఆ పెట్టెను కిందికి దించి కొట్టించి మరీ రండి.