తారీకు లేని కాగితం

పెద్ద మేస్త్రి నాలుగో అంతస్తు పరంజా మీంచి పడిన మూడో రోజున సేఫ్టీ బెల్టులు వచ్చాయి.

పసుపుపచ్చగా, కొత్త వాసన వేస్తూ, పెట్టెల నిండా ఉన్నాయి. పిల్లర్లకు నీళ్లు కొట్టే కొత్త పెళ్లికూతురు ఒకటి భుజాలకు తగిలించుకుని నడుముకు చుట్టుకుంది. పెళ్లయి నెల దాటినా సైటులో ఆమెకదే పేరు. ఇనప రాడ్లు వంచే ఆమె మొగుడు కొక్కెం బిగిస్తూ, "వడ్డాణం కావాలన్నావుగా, పెట్టుకో" అన్నాడు.

ఆమె పకపకా నవ్వింది. సూపర్‌వైజరు చేతిలో కాగితమూ సిరా డబ్బా చూడగానే ఆ నవ్వు సగంలో ఆగింది.

"బెల్టు ముట్టినట్టు అందరూ వేలిముద్ర వెయ్యండమ్మా. రేపు లేబరాఫీసరు వస్తున్నారు."

ఈ మనిషే కదా, బెల్టడిగిన మేస్త్రిని "భయమైతే ఇంటికెళ్లి పడుకో" అన్నది! ఇవాళ నోట్లోంచి 'అమ్మా' ఎలా ఊడిపడింది?

ఆమె కాగితం లాక్కుని చదివింది. పనిలో చేరిన నాడే బెల్టులిచ్చారట. కట్టుకోకపోతే పూచీ కూలీదేనట. తారీకు గడి మాత్రం ఖాళీ.

"తారీకు వెయ్యలేదేం సార్?"

"ఆఫీసులో వేస్తార్లే. నీకెందుకు?"

"మేస్త్రి పడకముందు తారీకు వేస్తారు" అందామె అందరికీ వినబడేలా. "బెల్టిచ్చినా కట్టుకోలేదు, తప్పు ఆయనదేనని కేసు కొట్టేయిస్తారు. నడుం విరిగిన మనిషి మీద మన వేళ్లతోనే సాక్ష్యం."

మొగుడు ఆమె మోచెయ్యి గిల్లాడు. "ఊరుకోవే. పనిలోంచి తీసేస్తే?"

ఇటుకలు మోసే ముసలమ్మ అతని వంక ఎగాదిగా చూసింది. "నిన్ను పనిలో పెట్టిందెవర్రా? ఆ మేస్త్రి కాదూ?"

అతను తల దించుకున్నాడు.

"చదువు రానోళ్లం, ఏం చేస్తామమ్మా?" అన్నాడు వడ్రంగి.

"చదువెందుకు బాబాయ్? పిల్లరు పోసిన రోజున దాని మీద తారీకు రాసేదెవరు? ఎన్నాళ్లు తడపాలో తెలియడానికి మనమే కదా. అంకెలు రానోళ్లు ఉన్నారా ఇక్కడ?"

ముసలమ్మ వేలు సిరాలో ముంచి ముద్ర వేసింది. పక్కనే వంకరటింకరగా ఆ రోజు తారీకు రాసింది. వెనక వడ్రంగి రాశాడు. ఆ వెనక అందరూ బెల్టులు తగిలించుకుంటూ వరస కట్టారు. పదో ముద్ర పడేసరికి సూపర్‌వైజరు కాగితం గుంజుకుని ముక్కలు చేశాడు.

"బెల్టులు విప్పి పొండి. రేపు ఒక్కడూ గేటు దాటడానికి లేదు."

"ముట్టినట్టు ముద్ర వెయ్యమన్నారుగా సార్" అన్నాడు కొత్త పెళ్లికొడుకు. "ముట్టాయి. ఇక మావే."

పిల్లరుకు రాసే రంగు డబ్బా అందుకుని, పెళ్లాం వీపు మీది పట్టీపై తారీకు దిద్దాడు. చక్కిలిగింతకు ఆమె మెలికలు తిరిగిపోయింది. మిగతావాళ్లూ ఒకరి వీపు మీద ఒకరు రాసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే అరవైమందీ గేటుకు అడ్డంగా నిలబడ్డారు. లేబరాఫీసరు వచ్చాడు. దిగింది మాత్రం కాంట్రాక్టరు కారులోంచే.

కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరూ ఒక్కసారిగా ఆఫీసరు వైపు వీపు తిప్పారు.

"తప్పుకోండి" అన్నాడు ఆఫీసరు.

"ముందు చదవండి సార్" అంది కొత్త పెళ్లికూతురు, వెనక్కి తిరగకుండానే. "గట్టిగా. అరవై సార్లు."