కోతా, కుట్టా

పాలు పితికి లేవబోతే మునీశ్వరి కుడికాలు రాలేదు. ఆవు పొదుగు కింద గొంతుక్కూర్చున్న కాలు మడిచింది మడిచినట్టే ఉండిపోయింది. మోకాలి లోపల ఏదో అడ్డం పడింది. బకెట్ నిండుగా ఉంది కాబట్టి ముందు దాన్ని ఆవుకు అందనంత దూరం జరిపింది. తర్వాత వెల్లకిలా పడుకుని, పాదాన్ని బయటికి తిప్పి కాలు విదిలించింది. రోజూ అలా విదిలిస్తే లోపల టక్కుమని కాలు చాపుకునేది. ఆ పొద్దు చాపుకోలేదు.

ఇంటి ముందర ఊడుస్తున్న అత్త రమణమ్మకు మూలుగు వినబడింది. అత్త కొట్టంలోకి రాలేదు, అక్కడి నుంచే అంది. "మేమంతా కూసోని లేయలేదా? మాకు లేవా మోకాళ్లు?"

కాసేపటికి ఆదినారాయణ బైకు ఎక్కడానికి సిద్ధమై వచ్చాడు. గడ్డిలో పడి ఉన్న పెండ్లాన్ని చూశాడు.

"పాలు యాడ పెట్టినావు మే? సెంటర్ మూసేస్తారు."

ఆమె చెయ్యి చూపించింది. అతను పాలు పోసేసి వచ్చాకే ఆమెను లేపాడు.

ఆ విదిలింపు ఆమె తనకు తాను నేర్చుకున్నది. వానాకాలంలో టమోటా తోటలో పాదం బురదలో దిగబడి ఒళ్లు మాత్రం పక్కకు తిరిగినప్పుడు మోకాలు మొదటిసారి పట్టేసింది. ఊరికి దగ్గరలో నాటుకట్టు కట్టే పెద్దాయన ఒకడున్నాడు. చెయ్యి విరిగినా కాలు బెణికినా ఆ పల్లెలన్నీ పోయేది ఆయన దగ్గరికే. ఆయన మడమ పట్టుకుని లాగితే కాలు చాపుకుంది. ఎముక సర్దుకుందన్నాడు. ఆకు పసరు, గుడ్డుసొన పూసి, వెదురుబద్దలు పెట్టి చుట్టాడు. కాలు చాపుకుంది కాబట్టి నయమైందని ఇంట్లో అందరూ అనుకున్నారు. మునీశ్వరి కూడా అనుకుంది. కట్టు విప్పిన సాయంత్రమే కొట్టంలో కూర్చుంది. మళ్లీ పట్టేస్తే ఆయన లాగినట్టే తానూ లాగి చూసుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే, కట్టు కట్టిస్తిమి కదా, ఇంకా ఏమి అంటారు.

ఈసారి మదనపల్లె ఆసుపత్రికి పోయారు. కిషోర్ డాక్టరు మోకాలి లోపలివైపు ఎముకలు కలిసే గీత వెంబడి బొటనవేలితో నొక్కుకుంటూ పోయాడు. ఒకచోట ఆమె అరిచింది. కాలు చాపబోతే సగంలో ఆగింది. స్కానింగ్‌కు పంపాడు. ఫిల్ము వచ్చాక దాన్ని వెలుతురుకు పెట్టి ఆదినారాయణ వైపు తిరిగాడు.

రెండు ఎముకల మధ్య నెలవంకలాగా మెత్తటి పట్టీలు రెండు ఉంటాయని, మెనిస్కస్ అంటారని, ఒంటి బరువు ఎముకల మీద పడకుండా ఆపేవి అవేనని చెప్పాడు. ఈమెకు లోపలివైపు పట్టీ నిలువునా చీలింది. చీలిన ముక్క బకెట్ పిడిలా పైకి లేచి కీలు మధ్యలో ఇరుక్కుంటోంది. కట్టు కడితే అతికేది కాదు. చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూసి చేయాలి. ముక్కను కోసి తీసేస్తే కొన్ని వారాల్లో పనిలో పడుతుంది. కానీ ఆ పట్టీ మళ్లీ పుట్టదు, ఈ వయసులో తీసేస్తే పది పదిహేనేళ్లకు ఎముకా ఎముకా రాసుకోవచ్చు. చీలిక అంచు వైపు, రక్తం ఆడేచోట ఉంటే కుట్టవచ్చు. కుడితే ఆరు వారాలు ఆ కాలు మోపకూడదు. ఆర్నెల్లు గొంతుక్కూర్చోకూడదు. అయినా కుట్టు నిలవకపోవచ్చు. ఏది వీలవుతుందో లోపల చూస్తేగానీ తెలియదు.

ఆదినారాయణ ఒక్కటే అడిగాడు. "ఎప్పుడికి పాలు పితుకుతాది సార్?"

పుంగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మునీశ్వరి ఆర్నెల్ల గురించి ఆలోచించింది. గొంతుక్కూర్చోకుండా ఆ ఇంట్లో తాను చేసే పని ఏముంది? అంట్లు కొళాయి కింద, నేల మీద. బట్టలు బండ మీద. కట్టెల పొయ్యిలో నీళ్లు కాచడం, పేడ ఎత్తడం, టమోటాలు కోయడం, వాటిలో పుచ్చులు ఏరడం, అత్తకు కాళ్లు పట్టడం, అన్నీ కూర్చునే. ఆయన పనులన్నీ నిలబడో, బైకు మీదో. ఇన్నేళ్లూ ఆ ఇల్లు తన మోకాలి మడత మీద నడిచిందని ఆమెకు ఇప్పుడే తెలిసింది. తెలిశాక కోపం వస్తుందనుకుంది. రాలేదు. భయం వేసింది. పదిహేనేళ్లకు ఎముకా ఎముకా రాసుకుంటే తనకు యాభై కూడా రావు. అప్పుడు మంచంలో పడ్డదాన్ని చూసేది ఎవరు? ఇప్పుడు ఆరు వారాలనగానే పాల సంగతి అడిగినవాళ్లా?

లెక్కలు ఇంటికి పోగానే మొదలయ్యాయి. కోడలు మంచంలో ఉంటే ఉన్న నాలుగు ఆవులనూ అమ్ముకోవాల్సిందేనని రమణమ్మ అంది. కోసేస్తే పీడ పోతాదని ఆదినారాయణ అన్నాడు. మునీశ్వరిని ఎవరూ అడగలేదు. కుప్పం నుంచి అక్క తిమ్మక్క ఫోన్ చేసింది. కుట్టిచ్చుకుంటే నేరుగా మా ఇంటికే రా, ఎన్ని నెలలైనా నేను చూసుకుంటానంది. మొగుడు పక్కనే ఉన్నాడు. మునీశ్వరి ఊఁ అని పెట్టేసింది.

ఆపరేషన్ రోజు వెన్నులో సూది వేశారు. నడుము కింద ఒళ్లు తనది కాకుండా పోయింది. పైన మాత్రం అన్నీ వినబడుతున్నాయి. ఎదురుగా టీవీ ఉంది. చూస్తావా అని నర్సు రమ్యశ్రీ అడిగితే చూస్తానంది.

తెర మీద నీళ్లలో తన మోకాలు కనబడింది. తొడ ఎముక చివర నున్నగా ఉండాల్సినచోట గీరుకుపోయి ఉంది. ముక్క ఇరుక్కున్న ప్రతిసారీ అక్కడే రాసుకుందని డాక్టరు ఎవరితోనో అన్నాడు. విదిలించిన ప్రతిసారీ, అనుకుంది మునీశ్వరి. డాక్టరు ఇనప కొక్కెంతో ఆ ముక్కను నెట్టాడు. అది వెనక్కు పోయి తన చోట కూర్చుంది.

"అంచులోనే ఉంది. కుట్టవచ్చు," అన్నాడు డాక్టరు. "సిస్టర్, వాళ్లాయన్ని ఒక మాట అడిగి రండి. కుట్టాలా, తీసేయాలా?"

రమ్యశ్రీ పోయింది. తలుపు మూసుకుంది. తెర మీద ముక్క నీళ్లలో అదురుతోంది. ఆయన ఏమంటాడో మునీశ్వరికి తెలుసు. ఈ ఒక్కసారి అనకపోతే బాగుండునని కూడా అనుకుంది. అనకపోతే తాను నోరు తెరవాల్సిన పని ఉండదు.

తలుపు తెరుచుకుంది.

"తీసేయమన్నాడు సార్. ఆమెను కూడా అడగాలి కదా అని నేనంటే, మత్తులో ఉండేదాన్ని ఏమి అడిగేదిలే అన్నాడు."

డాక్టరు కత్తిరించే పనిముట్టు కోసం చెయ్యి చాపాడు.

"సార్," అంది మునీశ్వరి. ఎవరికీ వినబడలేదు. మళ్లీ అంది. "సార్, కుట్టండి."

డాక్టరు మధ్యలో అడ్డం కట్టిన గుడ్డ మీదుగా ఆమె ముఖంలోకి చూశాడు. "ఆరు వారాలమ్మా. అయినా నిలవకపోవచ్చు. మొన్ననే చెప్పాను."

"మీరు ఆయనకు చెప్పినారు సార్. నేను పక్కన కూసోని ఇన్నాను."

"ఇంట్లో చూసుకునేవాళ్లు?"

"ఇంటికి పోను సార్. కుప్పంలో మా అక్క ఉండాది. ఆడికి పోతా."

"ఆమె చెప్పింది చాలు సార్," అంది రమ్యశ్రీ. "కాలు ఆమెది."

డాక్టరు చాపిన చెయ్యి వెనక్కు తీసుకుని సూది అడిగాడు. తెర మీద దారం తెల్లటి పట్టీలోకి దిగి అవతలి వైపు తేలింది. మునీశ్వరి రెప్ప వేయకుండా చూసింది.

మొదటి ముడి పడ్డాక రమ్యశ్రీ తలుపు దాకా పోయి వచ్చి, వంగి ఆమె చెవి దగ్గర అడిగింది. "బయట మీ ఆయన అడుగుతాండాడు. ఏమని చెప్పేది అక్కా?"

"నేను మేలుకోని ఉండానని చెప్పు."