ఆ ఆరు పాయింట్లు

లీలండ్ వోజ్నియాక్ తెల్లవారుజాము నుంచి కౌంటీ రోడ్ల మీద మంచు తోసి, బండి దిగి తిన్నగా ఆర్లీన్ బారుకే వచ్చాడు. బూట్లు దులుపుకోలేదు. టోపీ తియ్యలేదు. గోడ మీది నల్లబల్ల ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"పన్నెండుకి ఆట. ఐదు నిమిషాల ముందే సుద్దముక్క కింద పెట్టేస్తాను. ఆ తర్వాత కాళ్ళు పట్టుకున్నా పేరు మార్చను," అంది ఆర్లీన్ కౌంటర్ వెనక నుంచి. బారు ఆవిడదే, లీగు పెత్తనమూ ఆవిడదే.

బల్ల మీద ఎనిమిది పేర్లున్నాయి. ఎనిమిది మందికీ తలా ఒక కాగితం జట్టు. ఎండాకాలం చివర్లో అందరూ కూర్చుని నిజం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళను పంచుకుంటారు. ఆ ఆటగాడు టీవీలో పది గజాలు సంపాదిస్తే, కాగితం మీద వాడి యజమానికి ఒక పాయింటు. బంతితో ఆఖరి గీత దాటి టచ్‌డౌన్ చేస్తే ఆరు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే ఆట. ఎనిమిది కుర్చీల వెనకా ఎనిమిది ఇత్తడి రేకులు, వాటి మీద పేర్లు. డిసెంబరు ఆఖరికి అట్టడుగున ఉన్నవాడి రేకు ఊడదీసి, మరుగుదొడ్డి తలుపు పక్కన కొడతారు. కుర్చీ ఇంకొకరికి పోతుంది. ఆ కుర్చీ కోసం తొమ్మిది మంది కాచుకుని ఉన్నారు. రేకు ఊడినవాడు మళ్ళీ కూర్చున్న దాఖలా ఇంతవరకూ లేదు.

లీలండ్ అట్టడుగున ఉన్నాడు. ఇవాళ గెలిస్తే కుర్చీ నిలుస్తుంది, లేకపోతే పోతుంది.

ఎదురు ఆట హార్లన్‌తో. హార్లన్ అతని సొంత అన్న. ఏడేళ్ళ కిందట లీలండ్ జింకల వేటకని అడవికి పోయిన వారంలో, నాన్న పెంచిన నలభై ఆవులనూ హార్లన్ ఒక్క మాట చెప్పకుండా అమ్మేశాడు. లీలండ్ తిరిగొచ్చి ఖాళీ కొట్టం చూశాడు. ఆ రోజు నుంచి అన్న గడప తొక్కలేదు. చర్చిలో ఎదురుపడినా తల తిప్పుకునేవాడు. ఇక్కడ మాత్రం, ఆదివారం ఈ బల్ల దగ్గర, ఇద్దరూ ఒకరినొకరు వెక్కిరించుకునేవారు. ఏడేళ్ళలో వాళ్ళ మధ్య నడిచిన మాటలన్నీ ఆ వెక్కిరింపులే. కుర్చీ పోతే అవీ పోతాయి. ఆ సంగతి లీలండ్ ఎవరితోనూ అనలేదు.

"ఏరా, ఇంకా తేలలేదా? నీ పెద్ద మొనగాడు కాలు బెణికించుకున్నాడటగా," అన్నాడు హార్లన్ కుర్చీలోంచి కదలకుండా.

"నీ నోరు బెణకలేదుగా, అదే బాధ."

బల్ల మీద ఇప్పటికి హార్లన్‌వి డెబ్బై ఒక్క పాయింట్లు, లీలండ్‌వి అరవై ఆరు. పండగ వారం కాబట్టి మిగతా ఆటలన్నీ శనివారమే అయిపోయాయి. ఇక మిగిలింది ఊరంతా తమదనుకునే జట్టు మిన్నెసోటాతో ఆడే ఆట ఒక్కటే. అందులో హార్లన్‌కి ఆ జట్టులో ఎదుటివాళ్ళను ఆపే రక్షణ దళం ఉంది. లీలండ్‌కి, కాలు బెణికినవాడి బదులు, బంతి పట్టేవాడి చోటు ఒక్కటి. గెలిస్తే హార్లన్‌కి కప్పు. ఇరవై ఆరేళ్ళలో అతను ఒక్కసారి కూడా దాన్ని ముట్టలేదు.

"ఆర్లీన్, క్రూ పేరు రాయి," అన్నాడు లీలండ్.

బారులో నవ్వులు లేచాయి. టేవియన్ క్రూ బదులు ఆటగాడు. ఎవరికైనా దెబ్బ తగిలితేనే మైదానంలోకి దిగేవాడు. ఏడాది మొత్తం మీద పట్టింది పదకొండు బంతులు.

"వాణ్ణి వాళ్ళమ్మ కూడా తీసుకోదు కదయ్యా," అంది ఆర్లీన్.

"పొద్దుట్నుంచి ఆ గాలిలోనే ఉన్నాను. మంచు తోస్తుంటే మళ్ళీ నా మొహాన్నే కొట్టింది. ఇవాళ దూరం విసిరిన బంతి ఒక్కటీ చేరదు. అన్నీ దగ్గర్లోనే, నడి మైదానంలోనే విసరాలి. అక్కడ నిలబడేది క్రూ."

అంత పొడుగు మాట అతని నోట రావడం అరుదు. ఎవరూ నవ్వలేదు. ఆర్లీన్ రాసింది. హార్లన్ తమ్ముణ్ణి ఒకసారి చూసి, వేయించిన జున్నుముక్కల పళ్ళెం అతని వైపు తోశాడు. లీలండ్ ముట్టలేదు.

ఆట మొదలైంది. మొదటి దూరపు బంతిని గాలి ఎత్తి పక్కన పారేసింది. రెండోదీ అంతే. మూడోది దగ్గరగా క్రూకే విసిరారు. సగం ఆట అయ్యేసరికి అతనికి ముప్పై ఒక్క గజాలు. బల్ల మీద లీలండ్ అరవై తొమ్మిది. మూడో భాగంలో ఇంకో తొమ్మిది గజాలు. డెబ్బై. హార్లన్ దళం ఖాతాలో సున్నా.

"బంగాళాదుంపల బస్తాల్లా నిలబడ్డారేంట్రా!" అని హార్లన్ టీవీని తిట్టాడు.

"నువ్వు ఏరుకున్నవేగా," అన్నాడు లీలండ్.

నాలుగో భాగంలో మిన్నెసోటా వాళ్ళు పాయింట్లు చేసి, బంతిని ఎత్తి ఇవతలికి తన్నారు. దాన్ని పట్టుకుంది క్రూ. బదులు ఆటగాళ్ళకి ఆ పనీ ఉంటుంది. ఇద్దరి మధ్య నుంచి దూరాడు. గీత పక్కగా మళ్ళాడు. ఇక ఎవరూ అందుకోలేదు. తొంభై రెండు గజాలు పరిగెత్తి ఆఖరి గీత దాటాడు.

బారు ఊగిపోయింది. ఎవరో లీలండ్ టోపీ ఎగరేశారు. తన్నిన బంతితో పరిగెత్తిన గజాలకి లెక్క లేదు, టచ్‌డౌన్‌కే ఉంది. ఆర్లీన్ పరుగున వెళ్ళి డెబ్బై చెరిపి డెబ్బై ఆరు వేసింది.

లీలండ్ కూడా అరిచాడు. అరిచి, అన్న వైపు తిరిగాడు, ఏదో అనబోయి. హార్లన్ అరవడం లేదు. బీరు సీసా మీది కాగితాన్ని గోటితో మెల్లగా ఒలుస్తున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది లీలండ్‌కి. పదకొండేళ్ళ కిందట ఇదే బల్ల. హార్లన్ ఆటగాడు ఒకడు ఇలాగే తన్నిన బంతి పట్టి పరిగెత్తాడు. ఆ పాయింట్లు ఆటగాడివి కావు, రక్షణ దళానివి అని లీలండ్ గంటసేపు వాదించాడు. ఆ దళం తనది కాబట్టి వాదించాడు. వాదించి నెగ్గి, లీగు నిబంధనల పుస్తకంలో తన చేత్తోనే రాశాడు. ఆ ఏడు హార్లన్ ఒక్క పాయింటుతో కప్పు పోగొట్టుకున్నాడు. ఆ పుస్తకం కౌంటర్ మీద ఊరవేసిన గుడ్ల జాడీ కింద ఇప్పటికీ ఉంది. దాన్ని ఎవరూ తెరవరు.

ఈ ఇద్దరికి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

"నా మొహంలో ఏముంది? ఆట చూడు," అన్నాడు హార్లన్.

"నీకు గుర్తుంది."

"ఏం గుర్తుంది? ముసలాణ్ణయ్యాను, పొద్దున తిన్నదే గుర్తుండదు. చూడరా ఆట."

ఆట ఇంకా ఆరు నిమిషాలుంది. నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడం లీలండ్‌కి వచ్చినంత బాగా ఊళ్ళో ఎవరికీ రాదు. కానీ ఇలా నిలిచిన కుర్చీలో కూర్చుని వచ్చే ఆదివారం ఈ మనిషిని ఏమని వెక్కిరించాలి? ఆవుల సంగతి చెప్పకుండా దాచాడనే కదా ఏడేళ్ళూ మొహం తిప్పుకున్నది.

"ఆర్లీన్, ఆ ఆరూ చెరిపెయ్," అన్నాడు. "అవి మా అన్నవి. పుస్తకం చూడు."

ఆర్లీన్ జాడీ జరిపి పుస్తకం తీసింది. పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. చదివింది. ఇంకోసారి చదివింది. బల్ల దగ్గరికెళ్ళి అంకెలు మార్చింది. హార్లన్ డెబ్బై ఏడు. లీలండ్ డెబ్బై.

"వెర్రివెధవ," అన్నాడు హార్లన్, పళ్ళ మధ్య నుంచి.

జట్టు బంతి తీసుకుని మళ్ళీ బయల్దేరింది. క్రూకి పద్నాలుగు గజాలు. తర్వాత ఎనిమిది. డెబ్బై రెండు. చివరి నిమిషానికి ఆఖరి గీత పన్నెండు గజాల్లోకి వచ్చింది. టచ్‌డౌన్ ఒక్కటి క్రూ చేతికి వస్తే లీలండ్ నిలుస్తాడు. అతను రెండు చేతులతో కుర్చీ వీపు పట్టుకున్నాడు. బొటనవేలికి రేకు చల్లగా తగులుతోంది.

బంతి వచ్చింది, నడి మైదానంలోకి, క్రూకే. పట్టాడు. తిరిగాడు. గీత వైపు దూకాడు.

"దాటు, దాటు!" అని అరిచినవాడు హార్లన్.

ఇద్దరు మీద పడ్డారు. లేపి చూస్తే బంతి గీతకి ఒక్క గజం ఇవతల ఉంది.

మరుసటి ఊపులో ఆ జట్టులోనే భారీ మనిషి ఇంకొకడు బంతిని పొట్టకి అదుముకుని ఆటగాళ్ళ గుంపులోంచి తోసుకుంటూ లోపలికి పడ్డాడు. జట్టు గెలిచింది. బారు బారంతా ఒకరి మెడలు ఒకరు పట్టుకుని ఎగిరింది. ఆ గోలలో ఆర్లీన్ మెల్లగా డెబ్బై మూడు అని రాసి, సుద్దముక్క కింద పెట్టింది.

లీలండ్ టోపీ వెతుక్కుని పెట్టుకున్నాడు.

రేకు ఊడదీయాల్సింది గెలిచినవాడే. ఆర్లీన్ తెచ్చిన కప్పు వైపు హార్లన్ చూడలేదు. స్క్రూడ్రైవర్ అందుకుని, మోకాళ్ళు కిర్రుమంటుంటే కుర్చీ వెనక కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ళ మరలు, ఒక పట్టాన రాలేదు. వచ్చాక రేకును చొక్కాకి తుడిచాడు. ఎవరో మేకు, సుత్తి అందించబోయారు. అవి తీసుకోకుండా రేకును కోటు జేబులో వేసుకున్నాడు.

"అదేంటి హార్లన్, అది తలుపు పక్కన కొట్టాలి కదా," అంది ఆర్లీన్.

"పుస్తకంలో రాసుందా?"

ఆర్లీన్ పుస్తకం తెరవలేదు.

హార్లన్ తమ్ముడి వైపు చూడకుండా కోటు గుండీలు పెట్టుకున్నాడు. "నా వాకిట్లో మంచు నడుములోతుంది. మంచు తోసే నీ కౌంటీ బండి మా రోడ్డు చివరి దాకా వచ్చి, నా గేటు ముందే తిరిగి వెళ్ళిపోతుంది, ఏడేళ్ళుగా. నీ రేకు కావాలంటే వాకిలి తోసి, లోపలికొచ్చి తీసుకుపో."

లీలండ్ పళ్ళెంలో చల్లారిన జున్నుముక్క ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు.

"కొట్టం వైపు కూడా తొయ్యాలా?" అన్నాడు.