ఘాటు రాని మిరపకాయలు

పొద్దున ఎనిమిదైతే చాలు, వర్షకు కడుపునొప్పి. ఆదివారం రాదు, పండగనాడు రాదు. యూనిఫాం తొడగ్గానే వస్తుంది. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. మూడో తరగతిలో కన్నడ పాఠం పైకి చదవమంటే పిల్లకు నోరు పెగల్లేదని, తోటివాళ్ళు నవ్వారని మిస్ చెప్పింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, కర్ణాటక సరిహద్దులోని ఈ బాగేపల్లిలో ఎవరికి లేని కష్టం అది? అనేసి తండ్రి అమర్ ఇంటిముందున్న తన చిల్లర అంగడిలోకి వెళ్ళిపోయాడు.

అవ్వ సుబ్బలక్ష్మమ్మ అలా వదిలేసే మనిషా! ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి రోజూ పొద్దున దిష్టి తీసేది. నిప్పుల్లో వేసిన మిరపకాయలకు అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే గట్టి దిష్టి తగిలినట్టు. ఏం ఖర్మమో, ఆమె వేస్తే ఏనాడూ ఘాటు రాలేదు.

"అయ్యో నా తల్లీ! ఇంత దిష్టి యాడిదే నీకు!" అని గుండెలు బాదుకునేది. వర్ష కళ్ళప్పగించి ఆ నిప్పులకేసే చూసేది.

పదిహేను రోజులకు పిల్ల అన్నం కూడా మానేసింది. ఇట్లే ఉంటే ఈ ఏడు బడి మానిపిద్దామన్నాడు అమర్. ఆ మాటకు ముసలామె ప్రాణం విలవిల్లాడింది.

సోమవారం నిప్పులు సిద్ధం చేసి ఎంత పిలిచినా వర్ష పలకలేదు. వెతికితే అంగడిలో బియ్యం మూటల వెనక నక్కి ఉంది. లాగబోతే వెనక్కి జరిగింది.

"నన్ను ముట్టుకోకవ్వా. నీకంటుకుంటాది."

"ఏందే అంటుకునేది?"

"నాలో ఉండేది. రోజూ తీస్తాండావు, పోనే పోలేదు గదా. ఇస్కూల్లో వీణ నా పక్కనే కూచుంటాది. దానికీ అంటుకుంటే? నేను చచ్చిపోతానా అవ్వా?"

ఓరి దేవుడా! మందనుకుని వేలెడంత బిడ్డకు రోజూ తానే భయం నూరిపోసిందా! సుబ్బలక్ష్మమ్మ ఉన్నచోటే చతికిలబడింది. "నీకేం కాలేదు" అనబోయి ఆగింది. ఇల్లంతా ఇన్నాళ్ళుగా అంటున్నది ఆ మాటే.

"నాకూ కడుపులో తిప్పుతాండాది బిడ్డా, భయానికి" అంది చివరికి.

వర్ష తలెత్తింది. "నీకూనా? భయమైతే నువ్వేం చేస్తావు?"

"నీకు దిష్టి తీస్తాను."

"మరి నాలో ఏముండాది?"

"పాఠం చదవాలంటే భయముండాది, అంతే తల్లీ. ఆ మిరపకాయల భయమంతా నాది."

"వీణకు అంటుకోదా?"

"అంటుకోదు."

నొప్పి పోయిందా అంటే లేదంది వర్ష. అయినా బ్యాగు తగిలించుకుంది. బడి గేటు దగ్గర అవ్వ చెయ్యి వదిలి, కడుపు పట్టుకునే లోపలికి నడిచింది.

సుబ్బలక్ష్మమ్మ ఇంటికి వెళ్ళలేక తరగతి కిటికీ బయట నిలబడింది. వర్ష బెంచీ చివర ముడుచుకుని కూర్చుంది. కాసేపటికి మెల్లగా జరిగి, వీణ భుజానికి తన భుజం ఆనించింది.