కదలని చారలు

నేను ఒక వెలుగును కొలిచే యంత్రాన్ని. ఇంటర్‌ఫెరోమీటర్ అంటారు నన్ను. కాకినాడలో మా కాలేజీ గుమాస్తాలు ఎవరూ ఆ పేరును రెండుసార్లు ఒకేలా రాయలేదు. ఇప్పుడు సామాన్ల గదిలో విరిగిన బెంచీల వెనక ఉన్నాను. "పనికిరాదు" అన్న చీటీ ఒకటి వేలాడుతోంది. ఆ మాటకు నాకు కోపం లేదు. నా బాధ వేరు.

నా అద్దాలు ఓడలో వచ్చాయి, మిగతా ఒళ్ళంతా ఇక్కడిదే. కడప రాతిపలక మీద అద్దాలు బిగించి, పాదరసం పోసిన ఇనుప తొట్టిలో ఆ పలకను తేల్చారు. వేలితో తోస్తే చప్పుడు లేకుండా తిరిగేదాన్ని. ఒకే వెలుగు నాలో రెండుగా చీలి, రెండు దారుల్లో వెళ్ళి, తిరిగొచ్చి కలుసుకునేది. కలిసిన చోట పసుపు, నలుపు చారలు కనిపించేవి.

నన్ను చేయించింది ఫిజిక్స్ లెక్చరర్ పిశుపాటి నరహరి గారు. లోకమంతా ఈథర్ అనే పదార్థం నిండి ఉందని, వెలుగు దానిలో అలలా వస్తుందని ఒకప్పటి శాస్త్రజ్ఞులు నమ్మారు. భూమి ఆ ఈథర్‌లో పరుగెడుతోంది కనుక, నన్ను తిప్పితే చారలు పక్కకు జరగాలి. విదేశాల్లో ఎన్నిసార్లు చూసినా జరగలేదు. దాంతో చాలామంది ఈథర్‌కు తిలోదకాలిచ్చేశారు. నరహరి గారు ఇవ్వలేదు.

"శబ్దానికి గాలి ఉంది, కెరటానికి నీళ్ళున్నాయి. వెలుగొక్కటే దిక్కూ మొక్కూ లేకుండా వస్తుందిటయ్యా?" అని ప్రయోగాల్లో తనకు సాయం చేసే డిమాన్‌స్ట్రేటర్ దేవసహాయాన్ని అడిగేవారు.

పంతొమ్మిదేళ్ళు తిప్పారు నన్ను. పంతొమ్మిదేళ్ళూ లేదనే చెప్పాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు గాని, ఆయన ఒక్కనాడూ నన్ను విసుక్కోలేదు. లోపం తనదేనేమోనని మళ్ళీ అద్దాలు తుడుచుకునేవారు. నిజం చెప్పే యంత్రాన్నని నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

అంతలో ఆయన భార్య కామాక్షమ్మ గారు పోయారు. ఆవిడ ఏటా నవరాత్రుల్లో ఇంట్లో అఖండ దీపం పెట్టి, తొమ్మిది రోజులూ ఆరకుండా నూనె పోసుకుంటూ ఉండేవారట. ఏటి సూతకం తీరాక వచ్చిన దసరాకు ఆ ఇంట్లో నూనె పోసే మనిషి లేదు. సెలవుల్లో నరహరి గారి మకాం లాబరేటరీలోనే. అందుకని ఆ దీపాన్ని తెచ్చి నా తొట్టి పక్కన, తూర్పు వైపు పెట్టుకున్నారు.

నాలుగు రోజులు నన్ను శుభ్రం చేశారు. అయిదో రోజు తిప్పి చూస్తే చారలు జరిగాయి.

వెలుగు నడిచే నా చేయి దీపం వైపు వచ్చినప్పుడల్లా జరిగాయి. అది సెగకు పలచబడ్డ గాలి అని నాకు తెలుసు. ఆయనకు అది ఇరవయ్యేళ్ళుగా ఎదురు చూసిన ఈథర్. ఆ వయసులో కూనిరాగాలు తీశారు. రెండు రోజులు కూర్చుని వ్యాసం రాసి కలకత్తాలో జరగబోయే శాస్త్రజ్ఞుల సభకు పోస్టు చేశారు.

"ఆ దీపం ఒక్క గంట అవతల పెట్టి చూద్దామాండి, మాస్టారూ?" అన్నాడు దేవసహాయం.

"అఖండ దీపమయ్యా. దశమి దాకా కదపకూడదు."



దశమినాడు పూజ అయ్యాక ఆయన నూనె పోయలేదు. కాసేపటికి దీపం కొండెక్కింది. దణ్ణం పెట్టుకుని, ఆఖరి లెక్క ఒకటి రాసుకుందామని నా దగ్గరకు వచ్చారు. పదహారు దిక్కులకూ తిప్పారు. చారలు ఎక్కడివక్కడే ఉన్నాయి. చల్లారిన ప్రమిద వంక చూశారు, నా వంక చూశారు. మెల్లగా స్టూలు మీద కూర్చున్నారు.

"నీకు ముందే తెలుసా?" అని దేవసహాయాన్ని అడిగారు.

"తెలుసండి."

"గట్టిగా చెప్పలేదేం మరి?"

"మీరు పాడుకుంటా వచ్చేవోరండి. ఆవిడగారు పోయాక అదే మొదలు. నాకు నోరు రాలేదండి. కలకత్తాలో ఎవరికి తెలుత్తాదండి, దీపం సంగతి?" అన్నాడు.

"నాకు తెలిసింది కదయ్యా. తంతి ఆఫీసుకెళ్ళు. నా వ్యాసం సభలో చదవొద్దని తంతి ఇవ్వు."

దేవసహాయం వెళ్ళాడు. ఇద్దరమే మిగిలాం. ఆయన పుస్తకం తెరిచి "కదలిక లేదు" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టారు. అక్కడితో పని అయిపోయింది. అయినా లేచి వచ్చి, నన్ను మళ్ళీ తోసి, చారలు చూసే గొట్టానికి కన్ను ఆనించారు.

"అయితే నీకూ నాకూ మధ్యలో ఏమీ లేదన్నమాట, కామాక్షీ," అన్నారు.

ఒక్క చారనైనా, వెంట్రుకవాసి అయినా, ఆయన కోసం జరుపుదామని చూశాను. నా వల్ల కాలేదు.